దెబ్బ ఎవరికి, దావా ఎవరిది? (బీల అమరుల స్మారకోపన్యాసం, జలంత్రకోట)



తన మానవ హక్కులకు భంగం కలిగిందని ఒక కంపెనీ కోర్టుకెక్కవచ్చా? ఇది లా కాలేజీ ప్రశ్నలా వినిపిస్తుంది గానీ, ఇందులో సగం మన విశాఖపట్నం అమ్మకపు పన్ను తగాదాలోనే తేలింది. అక్కడి వాణిజ్య పన్నుల అధికారి మీద స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1963లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో తేల్చింది: కార్పొరేషన్ పౌరుడు కాదు, రాజ్యాంగం 19వ అధికరణం స్వేచ్ఛలు దానికి లేవు. పౌరులు కానివారికీ వర్తించే 14వ అధికరణం సమానత్వ హక్కు మాత్రం మిగిలింది. కంపెనీలు ఊరుకుంటాయా? 1970 బ్యాంకుల జాతీయీకరణ కేసులో వాటాదారు ఆర్.సి. కూపర్‌ పేరుతో పిటిషన్ నడిచింది. హక్కు మనిషిది, ఆస్తి సంస్థది. తెలివైన ఏర్పాటే!

సంఘం సంగతి వేరు. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద పోరాడిన 'సమత' సంఘం తన భూమి పోయిందని కోర్టుకెళ్లలేదు, గిరిజనుల భూమి పోతోందని వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని సుప్రీంకోర్టు 1997లో తీర్పిచ్చింది. అదే ఏడాది వచ్చిన పర్యావరణ అప్పీలేట్ అథారిటీ చట్టం, రిజిస్టరైనా కాకపోయినా సంఘాలు అప్పీలు చేసుకోవచ్చంది.

ఆ అథారిటీయే సోంపేట థర్మల్ కేంద్రం అనుమతిని రద్దు చేసింది. ఏ రోజున? 2010 జూలై 14న. అదే రోజు ఇక్కడ పోలీసులు కాల్చారు. చేపలు, గడ్డి, ఎత్తిపోతల నీరు ఇచ్చే ఈ చిత్తడి నేల, బీల కోసం నిలబడ్డ మనవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, మరో థర్మల్ కేంద్రాన్ని వద్దన్న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. అనుమతి పోయిన కంపెనీ మరో చోట ప్లాంటు కట్టుకోగలదు. ఇంటిపెద్దను పోగొట్టుకున్న కుటుంబం ఏ కోర్టులో గెలిచి ఆయన్ను తెచ్చుకుంటుంది?

యూరప్ మానవ హక్కుల కోర్టు కంపెనీల ఫిర్యాదులు కూడా వింటుంది. 1979లో సండే టైమ్స్ పత్రిక అక్కడే గెలిచింది. అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు మాత్రం 2016లో సంస్థలకు ఆ హక్కులు లేవంది, ఆదివాసీ సముదాయాలనూ కార్మిక సంఘాలనూ మినహాయించి. నా ఓటు రెండోదానికే. పన్ను, కాంట్రాక్టు, పరిహారం విషయాల్లో కంపెనీ మాట కోర్టు వినాల్సిందే. కానీ దాని నష్టాన్ని మానవ హక్కుల భంగమంటే ఒప్పుకోను. పత్రికను మూయిస్తే? అప్పుడు దెబ్బ తినేది పాఠకుడు, విలేకరి. వాళ్ల కోసం సంస్థ నిలబడితే తప్పులేదు.

ఇక మన సంగతి. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు తిరిగే మన ఉద్దానం మనిషి హైకోర్టుకూ తిరగలేడు. అతని తరఫున సంఘమే తిరగాలి. అందుకే మత్స్యకార, రైతు, జీడి కార్మిక సంఘాల పెద్దలకు నా మనవి ఒకటే: తీర్మానాల పుస్తకం సక్రమంగా రాయండి. ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు వచ్చిన రోజే అభ్యంతరాన్ని సంఘం పేరిట రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.