కొండ భూమి - దళారి చదువు

భూముల దళారికి చదువెందుకని కొందరు నవ్వుదురు. 2016 నాటి స్థిరాస్తి చట్టము, తన క్రింద నమోదైన ప్రాజెక్టులలో అమ్మకములు కుదుర్చు మధ్యవర్తియు రిజిస్టరు కావలెనని విధించినది. మహారాష్ట్ర 2023లో అందుకు శిక్షణను, పరీక్షను చేర్చినది. అట్టి పరీక్షకు చదువు తెలుగు యువకుని నేనొకటి అడిగెదను: అరకులోయలో ఎకరము కొనిపెట్టుమని విశాఖపట్టణపు గిరిజనేతర వర్తకుడు వచ్చినచో ఏమందువు?

కొలతలు, పన్నులు, స్టాంపు సుంకములు కంఠస్థమైనవాడును ఇచ్చట తడబడును. అరకు షెడ్యూల్డు ప్రాంతము. 1917 నాటి ఏజెన్సీ చట్టము గిరిజనుని భూమి పరులపాలు కాకుండ అడ్డుకట్ట వేసినను, గిరిజనేతరుల నడుమ క్రయవిక్రయములు సాగుచునే యుండెను. 1959 నాటి 1వ రెగ్యులేషనును 1970లో సవరించి ఆ దారియు మూసిరి. గిరిజనునకు, లేదా గిరిజనులే సభ్యులైన సహకార సంఘమునకు తప్ప భూమి బదిలీ చెల్లదు. పైగా, గిరిజనేతరుని చేతిలోని భూమి గిరిజనుని నుండి వచ్చినదే యని చట్టము భావించును. కాదని రుజువు చేయు భారము అతనిదే.

తోటమాలి పేర వ్రాయించిన చాలునని చెవిలో చెప్పువారు కలరు. బినామీ బదిలీని ఆ రెగ్యులేషనే నిషేధించినది. ప్రభుత్వమునకును మినహాయింపు లేదు: అనంతగిరి మండలపు గనుల కౌళ్లపై ‘సమత’ సంస్థ పోరాడగా, 1997 జూలై 11న సుప్రీంకోర్టు ప్రభుత్వమును కూడ ఈ నిషేధమునకు లోబడిన ‘వ్యక్తి’యే యని తేల్చినది.

కాబట్టి వర్తకునకు జవాబు ‘వీలుకాదు’ అనియే. దళారి రుసుము పోవును. అమ్మదలచినవానికి గిరిజనులలో కొనువాడు దొరకనిచో ఏజెంటునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ప్రభుత్వము పరిహారమిచ్చి ఆ భూమిని తీసికొనును. ఇచ్చట ఏజెంటనగా దళారి కాడు సుమా, కలెక్టరు!