గుడి కాలిపోయింది, కథ మిగిలింది: బబులోను చెర బైబిల్‌ని ఎలా మలిచింది?

నగరం కాలిపోయింది, గుడి పోయింది, రాజుని పట్టుకెళ్లిపోయారు. ఇంక ఆ జనం కథ అయిపోయినట్టే కదా? యూదుల విషయంలో అలా జరగలేదు. ఎందుకో చూద్దాం.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేముని లొంగదీసుకున్నాడు. కుర్ర రాజు యెహోయాకీనుని, పెద్దవాళ్లని, చేతిపనివాళ్లని బబులోనుకి తీసుకెళ్లాడు. ఇంకో పదేళ్లకి దేవాలయం కూడా తగలబడిపోయింది.

ఆ కాలంలో లెక్క సింపుల్. రాజ్యం ఓడిందంటే వాళ్ల దేవుడు ఓడినట్టే. చెరలో ఉన్నవాళ్లు ఈ లెక్క ఒప్పుకోలేదు. "ఓడింది దేవుడు కాదు, మాట తప్పింది మనమే" అనుకున్నారు. రాజుల గ్రంథాలు చూడండి, ఒక్కో రాజుకీ మార్కులు వేసినట్టే ఉంటుంది. పాత రికార్డులు ముందే ఉన్నా, ఆ పుస్తకానికి ఇప్పుడున్న రూపం చెరలోనే వచ్చిందని చాలామంది పండితులు అంటారు. అంటే అది గొప్పలు చెప్పుకునే చరిత్ర కాదు. "మనకెందుకిలా జరిగింది?" అని వెతుక్కున్నవాళ్ల చరిత్ర.

దాని ముగింపు ఇంకా ఆశ్చర్యం. చెరపట్టిన 37వ ఏట కొత్త రాజు యెహోయాకీనుని జైలు నుంచి వదిలి, తన బల్ల దగ్గరే భోజనం పెడతాడు. అంతే, పుస్తకం అక్కడ ఆగిపోతుంది. ఇంటికి తిరిగి రావడం లేదు. ఇది ఊరికే కథ కూడా కాదు. ఆయన జైలు నుంచి బయటికి రాకముందే, ఆయనకీ ఐదుగురు కొడుకులకీ ఇచ్చిన నూనె లెక్కలు బబులోనులో దొరికిన మట్టి పలకల మీద ఉన్నాయి!

అదే చెరలో, కెబారు నది ఒడ్డున యెహెజ్కేలుకి దర్శనం వచ్చింది. అందులో దేవుడి సింహాసనం దగ్గర చక్రాలున్నాయి. అంటే దేవుడు గుడికే కట్టుబడి లేడు, మనమున్న చోటికీ వస్తాడు. యిర్మీయా అయితే వాళ్లకి ఉత్తరమే రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ శత్రువు నగరం కోసమే ప్రార్థన చేయండి. వాళ్లు నిజంగానే అక్కడ స్థిరపడ్డారు. అక్కడి ఒక ఊరికి "యూదా పట్నం" అనే పేరుంది. వాళ్ల వ్యవసాయం, పన్నులు, అప్పుల పత్రాలు కూడా మట్టి పలకల మీద దొరికాయి.

క్రీ.పూ. 539లో కోరెషు బబులోనుని గెలిచాడు. తర్వాత దారి తెరుచుకున్నా చాలామంది వెళ్లలేదు. ఎస్తేరు కథ అలా ఉండిపోయినవాళ్లదే. హీబ్రూ మూలంలో దేవుడి పేరు ఒక్కసారీ రాదు, తిరిగి వెళ్లే ఊసూ లేదు. పరాయి రాజు కింద ఎలా బతకాలి అన్నదే ప్రశ్న.

గుడి ఒకచోటే ఉంటుంది. కథ మాత్రం మనం ఎక్కడికెళ్తే అక్కడికి వస్తుంది. వాళ్లని జనంగా నిలిపింది అదే.

రాజులు రెండవ గ్రంథం చివరి నాలుగు వచనాలు ఫోన్‌లోనే తీసి చదవండి, రెండు నిమిషాలు కూడా పట్టదు. అది మీకు ముగింపులా అనిపించిందా, ఆశలా అనిపించిందా? కామెంట్లో చెప్పండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం.