స్పంజికల నుంచి క్యాన్సర్ మందులు
(సికిందరాబాదులో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్పంజిక మొక్క కాదు, జంతువు. సముద్రంలో రాయిని అంటిపెట్టుకుని, నీటిని వడగట్టుకుంటూ బతుకుతుంది. పారిపోలేదు, కరవలేదు. తనలోని రసాయనాలే దానికి రక్షణ. 1945లో ఫ్లోరిడా తీరాన వెర్నర్ బెర్గ్‌మన్ సేకరించిన స్పంజికలో ఒక వింత పదార్థం దొరికింది. డి.ఎన్.ఏ. నిర్మాణానికి పనికివచ్చే ఇటుకలాంటిదే గాని, అందులోని చక్కెర వేరు. ఆ నమూనాను అనుసరించి 1959లో ప్రయోగశాలలో సైటరాబిన్ తయారుచేశారు. రైల్వేలో చేసినవారికి ఒక్క మాటలో చెబుతాను: బ్రాడ్‌గేజి బండికి మీటర్‌గేజి పెట్టె తగిలించినట్లు! క్యాన్సర్ కణం దాన్ని తనదే అనుకుని కలుపుకుంటుంది, అక్కడితో పని ఆగిపోతుంది. మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది కనుకనే రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు. 1969లో అమెరికాలో అనుమతి వచ్చిన ఈ మందు నేటికీ లుకేమియాకు ముఖ్యమైనదే.

ఇలా కణాన్ని మోసగించే ఉపాయంలో మనవారి చేయి కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో ఫోలిక్ ఆమ్లానికి నకిలీ అయిన అమినోప్టెరిన్ తయారైంది. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌నూ, సైటరాబిన్‌నూ కలిపి వెన్నులోకి ఎక్కించే పద్ధతి ఇప్పుడూ ఉంది.

మరో మందు కథ జపానుది. 1986లో 600 కిలోల స్పంజికల నుంచి అక్కడివారికి దక్కిన హాలికాండ్రిన్ బి కేవలం 12.5 మిల్లీగ్రాములు. 1992లో హార్వర్డ్‌లో కిషిగారి బృందం దాన్ని కృత్రిమంగా నిర్మించింది. ఆ పెద్ద అణువులో సుమారు సగమే చాలునని తేలి, ఎరిబులిన్ పుట్టింది. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు 2010లో అనుమతి లభించింది. జబ్బును పూర్తిగా నయం చేయదు. ఒక పెద్ద అధ్యయనంలో ఆయుర్దాయం సుమారు రెండున్నర నెలలు పెరిగింది. ఆ రెండున్నర నెలల విలువ ఆ ఇంటివారికే తెలుస్తుంది.

మన తార్నాకలోని ఐ.ఐ.సి.టి. రసాయనవేత్తలు కూడా మన తీరాల స్పంజికలను పరిశీలించారు.

మొన్న ఒక సభ్యులు "స్పంజికల పొడి" అని రాసి ఉన్న సీసా తెచ్చి, ఆసుపత్రి సూదులు మానేసి ఇది వాడవచ్చునా అని అడిగారు. వద్దన్నాను. 600 కిలోలకు పన్నెండున్నర మిల్లీగ్రాములైతే చెంచాడు పొడిలో ఎంతో, లెక్కల శాఖలో చేసినవారు వేసి చూడండి! ఇంట్లో వాడే పొడులు, కషాయాలు, నొప్పి మాత్రలు ఏవైనా సరే, ఒక చీటీ మీద రాసి డాక్టరుగారికి చూపించండి. మెథోట్రెక్సేట్‌కు కొన్ని మామూలు నొప్పి మాత్రలు సైతం సరిపడవు.