పక్షుల సంగతి సంఘంలో ఎందుకు మాట్లాడాలి?

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో పులికాట్ ఒడ్డు గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి ఇప్పటిదాకా చాలామంది మాట్లాడారు. మమ్మల్ని పులికాట్ పక్షుల గురించి చెప్పమన్నారు. పక్షులకూ మన కంతులకూ ఏం సంబంధం అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. పోయిన ఏడాది దాకా మేమూ అట్లాగే అనుకున్నాం.

మాది సరస్సు ఒడ్డు ఊరు. పాతవాళ్లు ఈ సరస్సును ప్రళయకావేరి అంటారు. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే సరస్సుల్లో చిలికా తర్వాత మన దేశంలో ఇదే పెద్దది. తూర్పున శ్రీహరికోట దీవి, దాని అవతల సముద్రం. పులికాట్‌నూ, పక్కనున్న నేలపట్టు చెరువునూ 1976లో పక్షుల రక్షిత కేంద్రాలుగా ప్రకటించారు. అక్టోబరులో వానలు పడగానే పక్షులు దిగుతాయి. ఫ్లెమింగోలు, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, పరజ పిట్టలు, సముద్రం వైపు నుంచి సీగల్ పక్షులు. గూడబాతులు నేలపట్టులో నీటి కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెడతాయి. వాటి మేతకు మన పులికాట్‌కే వస్తాయి. సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో పండగ చేస్తున్న సంగతి మీకు తెలుసు. మన సంఘాల వాళ్లం కూడా అక్కడ స్టాళ్లు పెట్టాం.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాం. మా సంఘంలో ఒక అక్క వల కొనుక్కుంటానంటే 20 వేలు అంతర్గత అప్పు ఇచ్చాం. చేపల వల అనుకున్నాం. ఆమె ఒక్క నెల కూడా కంతు తప్పలేదు. వేట పడక మిగతావాళ్లు తప్పించినప్పుడు కూడా ఆమె కట్టింది. "ఆమెను చూసి నేర్చుకోండి" అని మీటింగులో మేమే చెప్పాం. ఆ వల రాత్రిపూట పరజ పిట్టలకు కడుతున్నారని తర్వాత బయటపడింది. తెల్లారేసరికి సంచుల్లో మాంసం అమ్ముడవుతోంది.

మీటింగు పెట్టాం. ఫారెస్టు వాళ్లకు చెబుదామని ఒకరన్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరమే. ఇంటాయనను పట్టుకుపోతే పిల్లకాయల గతేంది, మన అప్పు గతేంది అని ఇంకొకరన్నారు. నిజం చెప్పాలంటే మా భయం పక్షుల గురించి కాదు, కంతు గురించే. అప్పుడు ఆ అక్కే లేచి, "డబ్బు తీసుకునేటప్పుడు ఎక్కడిదని ఒక్కరైనా అడిగినారా?" అంది. మాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మాలో ముగ్గురికి ఆ సంగతి ముందే తెలుసు. లీడర్లమైన మాకూ తెలుసు.

ఆ రోజు తీర్మానం రాసుకున్నాం. వల మా అందరి ముందు కోసేశారు. అప్పు మాఫీ చెయ్యలేదు. ఆరు నెలలు కంతు ఆపి, ఎండు చేపల వ్యాపారం పెట్టించాం. ఇప్పుడామె మళ్లీ కడుతోంది, ఇంకా బాకీ ఉంది. ఆ ఆరు నెలల వల్ల మా సంఘం ఏ గ్రేడు నుంచి బీ గ్రేడుకు పడింది. ఈ నివేదికలో పట్టిక చూస్తే మీకు కనబడుతుంది. ఎందుకు పడిందో పట్టికలో రాసే గడి లేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాం.

"పక్షులే మన చేపలన్నీ తింటున్నాయి" అని మా ఊళ్లో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఫ్లెమింగోను గమనించండి. తల కిందికి వంచి, ముక్కు తిరగేసి పెట్టి, బురదనీళ్లలోని సన్న పురుగులనూ నాచునూ జల్లెడ పట్టినట్టు వడకట్టుకుంటుంది. మన మడవ చేపతో దానికి పని లేదు. గూడబాతు చేపలు తింటుంది, కాదనం. కానీ ఆ పక్షుల రెట్టలు కలిసిన నేలపట్టు చెరువు నీళ్లు పొలాలకు బలమని అక్కడి రైతులే చెబుతారు.

మనకు వేట తగ్గడానికి పెద్ద కారణం ముఖద్వారాలు. రాయదొరువు వైపు సముద్రం దారి ఇసుకతో పూడిపోతే పోటు నీళ్లు లోపలికి రావు. ఆ నీళ్లతోనే రొయ్య పిల్ల లోపలికి వస్తుంది. నీళ్లు కదలకపోతే ఎండాకాలానికి ఉత్తరం వైపు సరస్సు ఉప్పు పేరుకున్న బీడు అవుతుంది. బీడులో రొయ్య ఉండదు, పక్షీ దిగదు. చేత్తో తడిమి రొయ్యలు పట్టి బుట్టలో వేసుకునే మన ఆడవాళ్లకు ముందు దెబ్బ తగులుతుంది. పక్షులు రాని ఏడు మన బుట్ట కూడా ఖాళీ అని మేం అందుకే అంటున్నాం.

సమాఖ్యను మేం అడిగేవి మూడు. వలకు అప్పు ఇచ్చేటప్పుడు ఏ వల, దేనికి అని మినిట్స్ పుస్తకంలో రాయాలి. వేట పడని నెలల్లో కంతు సర్దుబాటుకు ఒక పద్ధతి ఉండాలి. అది ఉంటే మా అక్క పరజల జోలికి పోయేది కాదేమో. ముఖద్వారాల పూడిక తియ్యాలని ప్రతి ఒడ్డు ఊరి గ్రామసభలో మనం తీర్మానం పెట్టించాలి.

ఇక మన చేతిలో ఉన్న పని ఒకటుంది. చినిగిన నైలాను వలలు ఒడ్డున పారేస్తే పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి. ఇంటికి తెచ్చెయ్యండి. మా ఊళ్లో పోయిన నెల నుంచి మొదలుపెట్టాం.

గ్రేడు మళ్లీ తెచ్చుకుంటాం. కానీ ఇంకోసారి ఎక్కడి డబ్బని అడగకుండా కంతు తీసుకోం. సెలవు.