రాతి మీద మిగిలిన ఆసుపత్రి

(గోనెగండ్లలో సాయంత్రం చదువుకునేవారి ముందు చేసిన ప్రసంగం)



మొన్న పాఠం అయినాక ఒక అక్క అడిగింది. "సార్, మా చేని గట్టున ఒక రాయి ఉంది. దాని మీద అక్షరాలున్నాయి. ఒక్కటీ చదవలేకపోతి. నేర్చుకున్నదంతా మరిచిపోయినానా?" అని.

లేదక్కా, నువ్వు మరిచిపోలేదు. అవి పాత అక్షరాలు. నాకూ రావు. అటువంటి రాయి ఒకటి ఏం చెప్పిందో ఈ పొద్దు చెప్తాను.

గుంటూరు వైపు, కృష్ణా నది ఒడ్డున, మందడం పక్కన మల్కాపురం అనే ఊరుంది. రాజధాని పనుల వల్ల మందడం, వెలగపూడి పేర్లు మీరు వినే ఉంటారు. మల్కాపురంలో ఒక పెద్ద రాతి స్తంభం ఉంది. పైన నంది. ఆ స్తంభం మీది శాసనం 1261వ సంవత్సరం నాటిది. అప్పుడు కాకతీయ రాణి రుద్రమదేవి ఏలుతుండేది.

ఆమె తండ్రి గణపతిదేవుడు. ఆయన గురువు విశ్వేశ్వర శివాచార్యులు. గురువుకు మందడం ఊరు ఇస్తానని తండ్రి మాట ఇచ్చినాడు. కూతురు ఆ మాట నిలబెట్టింది. వెలగపూడి కూడా కలిపి ఇచ్చింది. గురువు అక్కడ గుడి, మఠం, బడి పెట్టించినాడు. భూమిలో కొంత వేరే వారికి పంచి, మిగిలినది మూడు పాళ్లు చేసినారు. ఒక పాలు గుడికి. ఒక పాలు మఠానికి, చదువుకునే పిల్లల తిండికి. మూడో పాలులో నుంచి ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడవాలని రాయించినారు.

ప్రసూతిశాల అంటే కాన్పుల ఇల్లు. రోగులకు వేరే, కాన్పులకు వేరే! ఏడు వందల యాభై ఏండ్ల కిందట! మన అవ్వల కాలంలో కాన్పు అంటే చీకటి గది, నులక మంచం. ఎంతమంది తల్లులు పోయినారో మీకే బాగా తెలుసు. ఒక వైద్యుణ్ణి కూడా పెట్టినారు. అట్లని ఆ కాలమంతా బంగారం అని నేను చెప్పను. ఆ మూడు పాళ్లూ రైతు చెమటలోనుంచి వచ్చినవే గదా.

ఆ రాయే లేకుంటే ఆ కాన్పుల ఇంటి మాట మనకు ఎవరు చెప్పేవారు?

మన జిల్లాలోనే ఇంకా పాతది ఉంది. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో ఎర్రగుడి. అక్కడ బండల మీద అశోక చక్రవర్తి శాసనాలున్నాయి. రెండు వేల రెండు వందల ఏండ్లు దాటినాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినామని, మందు మొక్కలు నాటించినామని, బావులు తవ్వించినామని ఒక శాసనం చెప్తుంది. ఇంకొక వింత. అక్కడ కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తరువాతి వరుస కుడి నుంచి ఎడమకు రాసినారు. ఎద్దులు సాలు తిరిగినట్లు! పలక మీద అక్షరం తిరగబడిందని సిగ్గుపడేవారు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎర్రగుడి బండలను కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతోంది. అటువంటి చోట చెరిపినా, పగలగొట్టినా రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ పడవచ్చు. కానీ చేని గట్టు రాయికి కాపలా ఎవరు? నిధి ఉందని రాత్రిపూట తవ్వేవారున్నారు. గుండు చేసి బట్టలుతికే వారున్నారు.

అక్కా, ఆ రాయికి సున్నం కొట్టనీయవద్దు. పెకలించనీయవద్దు. ఆదివారం పొద్దున అందరం పోయి చూద్దాం. ఎవరి దగ్గరైనా ఫోన్ ఉంటే తెండి. ఫోటో తీసి, ఊరి పేరు, చేని గుర్తు రాసి పురావస్తు శాఖకు పంపుదాం. ఉత్తరం నువ్వే రాయాలి. నేను పక్కన కూర్చుంటాను.