గెలిచిన వైపు నిలబడ్డా భూమి పోయింది



నా చేతిలో ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న యుద్ధ చరిత్ర పుస్తకం. అమెరికా అంతర్యుద్ధంలో పీ రిడ్జ్ దగ్గర జరిగిన పోరు గురించి. 1862 మార్చి 7, 8 తేదీలు, ఆర్కాన్సా రాష్ట్రం. మనకెందుకిది అంటారా? ఆ పోరులో చెరోకీ ఆదివాసులు దక్షిణాది సైన్యం తరఫున దిగారు.

ముందు చదివినవాళ్లెవరో జనరల్స్ పేర్ల కింద, ఫిరంగుల లెక్కల కింద పెన్సిల్ గీతలు పెట్టారు. చెరోకీల దగ్గర ఒక్క చోటే గీత ఉంది. చనిపోయిన ఉత్తరాది సైనికుల నెత్తిచర్మం ఒలిచారన్న వాక్యం కింద. అది జరిగింది, తప్పే. చెరోకీల జాతీయ మండలే దాన్ని ఖండించింది. కానీ చెరోకీలంటే ఆ ఒక్క వాక్యమేనా?

అసలు వాళ్లు అక్కడికి ఎలా వచ్చారో చూడండి. 1838-39లో అమెరికా ప్రభుత్వం సైన్యాన్ని పెట్టి చెరోకీలను సొంత నేల నుంచి పడమటికి వెళ్లగొట్టింది. వేలమంది చనిపోయారు. కొత్త చోట రక్షణ మాది అని మాటిచ్చింది. 1861లో యుద్ధం మొదలవగానే అక్కడి కోటల నుంచి సైన్యాన్ని తీసుకెళ్లిపోయింది. చెరోకీల పెద్ద జాన్ రాస్ ముందు "ఎటూ చేరం" అన్నాడు. చివరికి అక్టోబరులో దక్షిణాదితో ఒప్పందం చేసుకోక తప్పలేదు. ఇంకో నిజం కూడా దాచొద్దు. చెరోకీల్లో డబ్బున్నవాళ్లు నల్లవాళ్లను బానిసలుగా పెట్టుకున్నారు. దక్షిణాదితో కలుద్దామన్న ఒత్తిడి వాళ్ల వైపు నుంచీ వచ్చింది.

ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది: ఒప్పుకోకుండా ఆదివాసీ దళాలను వాళ్ల ప్రాంతం దాటించకూడదు. 5 నెలలకే ఆర్కాన్సాకు రమ్మని ఆర్డర్ వచ్చింది. పీ రిడ్జ్‌లో దక్షిణాది ఓడింది. ఆ వేసవిలో చెరోకీ సైనికులు చాలామంది ఉత్తరాది వైపు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒకే జాతి మనుషులు రెండు వైపుల నుంచీ ఒకరినొకరు కాల్చుకున్నారు.

ఉత్తరాది గెలిచింది. మరి వాళ్ల పక్షాన నిలబడ్డ ఆదివాసులకు ఏం దక్కింది? క్రీక్ తెగలో ఒపొత్‌లెయహోలా వెంట వేలమంది ఉత్తరాదినే నమ్మి, చలికాలంలో కాన్సాస్‌కు నడిచారు. దారిలోనూ శిబిరాల్లోనూ ఎందరో పోయారు. అయినా 1866 ఒప్పందంలో క్రీక్‌ల భూమి పడమటి సగం తీసుకున్నారు. సెమినోల్ తెగ దగ్గర 20 లక్షలకు పైగా ఎకరాలు, ఎకరా 15 సెంట్లకు రాయించుకున్నారు. మళ్లీ ఉండటానికి వాళ్లకే 2 లక్షల ఎకరాలు, ఎకరా 50 సెంట్లకు అమ్మారు. చెరోకీ నేల మీదుగా రైలు మార్గాలకు హక్కు తీసుకున్నారు. శిక్ష వేసేటప్పుడు ఎవరు ఎటు నిలబడ్డారో చూడలేదు.

యుద్ధం పుస్తకం ఆఖరి తుపాకీ మోతతో అయిపోతుంది. భూమి కాగితాలు ఆ తర్వాతే రాస్తారు. మీకు ఇలాంటి పాత పుస్తకం దొరికితే వదలకండి, చదవండి. చదివాక ఆ కాగితాలు కూడా వెతకండి.