ఓడ ఆగకూడదు, మనిషి నలగకూడదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"పోర్టులో నీ పనేమిటి?" అని పొద్దుటి నుంచి చాలామంది అడిగారు. నేను ఓడలు కట్టను, నడపను. సరుకు దించే యంత్రాలు చెడిపోతే బాగుచేసే షెడ్లకు డిజైన్ చేస్తాను.

1933లో ప్రారంభమైన మన విశాఖ రేవునే చూడండి. రాత్రీ పగలూ పని జరిగే చోటు. షెడ్డు కడుతున్నామని ఓడల్ని ఆగమనలేం. కొత్తది సిద్ధమయ్యేదాకా పాతదాంట్లో రిపేర్లు సాగాలి, లారీల దారి మూసుకుపోకూడదు. అందుకని విడతలవారీగా కడతాం.

కంటైనర్లు ఎత్తే రీచ్ స్టాకర్ బరువే సుమారు 70 టన్నులు. అది మరో 45 టన్నులు ఎత్తగలదు. ఎత్తినప్పుడు బరువంతా దాదాపు ముందు చక్రాల మీదే పడుతుంది. మామూలు గ్యారేజీ గచ్చు దానికి ఆగదు. అందుకే ముందు యంత్రం తిరిగే దారి గీసి, తర్వాతే గోడలు గీస్తాం. ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు నుంచి వెళ్లిపోవాలి. రివర్స్ చేసేటప్పుడే వెనకున్న మనిషి డ్రైవరుకు కనిపించడు.

ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి యంత్రాన్ని మంచినీళ్లతో కడగాలి. ఆ నీళ్లలోని నూనెను వేరుచేశాకే కాలువలోకి వదలాలి. లేకపోతే అది సముద్రంలో కలుస్తుంది. ఇక తుఫాను సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసినవాళ్లకు గాలి బలం చెప్పనక్కర్లేదు. పెద్ద తలుపు విరిగితే గాలి లోపలికి దూరి పైకప్పును కిందనుంచి ఎత్తేస్తుంది. తలుపు గట్టిగా ఉంటేనే కప్పు నిలుస్తుంది.

అసలు చెప్పదలచుకున్నది ఇది. ఖర్చు తగ్గించమన్నప్పుడు క్రేన్ మీద ఎవరూ చెయ్యి వేయరు. టైర్లకు గాలికొట్టే చోట పెట్టే ఇనుప పంజరం, గాలాడే కిటికీలు, రాత్రి షిఫ్టు వాళ్ల విశ్రాంతి గది, మరుగుదొడ్లు, వీటి మీదే ముందు కత్తెర పడుతుంది. ఆ టైర్లలో గాలి ఒత్తిడి కారు టైరుకు నాలుగైదు రెట్లు. రింగు ఊడి ఎగిరితే ఎదుట ఉన్న ఫిట్టరు బతకడం కష్టం. పంజరం ఖరీదు మొత్తం అంచనాలో లెక్కలోకి రానంత తక్కువ.

మీలో ఫ్యాక్టరీలు, గ్యారేజీలు కట్టించేవారున్నారు, బిల్లుల మీద సంతకం పెట్టే అధికారులున్నారు. డ్రాయింగు మీద సంతకం పెట్టేముందు అక్కడ పనిచేయబోయే ఫిట్టరును పిలిచి చూపించండి. అతను అడిగిన దాన్ని కొట్టేయాల్సి వస్తే, ఎందుకో అతనికే చెప్పండి. అలా చెప్పలేకపోతే దాన్ని కొట్టేయకండి.